చెవుల వెనక బకెట్

మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే మీ ఫోన్లో దాని ఫోటోలు వందకు తక్కువ ఉండవు. వీలైతే ఇప్పుడొకటి తెరవండి. కుక్కను చూడకండి, దాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. దాని చెవుల వెనక ఏముందో చూడండి. ఎర్ర బకెట్ ఉందా? దండెం మీద తువ్వాలుందా? గ్యాస్ సిలిండరో, చీపురో, సగం తెగిన ఎవరి మోకాలో ఉందా? ఉంటుంది. తెనాలిలో నేను ముప్ఫై ఏళ్లుగా ఫోటోలకు టచింగ్ చేస్తున్నాను. ఈ పదేళ్లలో పెళ్లి ఆల్బమ్‌ల పక్కనే పెంపుడు జంతువుల ఫోటోలూ రావడం మొదలైంది. ఫ్రేము కట్టించుకోవడానికి, కప్పు మీద అచ్చేయించుకోవడానికి, పుట్టినరోజు ఫ్లెక్సీకి. నవ్వకండి, కుక్కలకు పుట్టినరోజు ఫ్లెక్సీలు నేనే చాలా వేశాను. తెచ్చిన ప్రతివాళ్లూ అనే మాట ఒకటే: "మావాడు బాగానే పడ్డాడండీ, వెనకాలదే కాస్త తీసెయ్యాలి."

ఆ వెనకాలది ఫోటో తీసేటప్పుడు ఎందుకు కనబడలేదని అడిగితే ఎవరికీ సమాధానం దొరకదు. నా అనుభవంలో కారణం చాలా మామూలుది. ఫోటో తీసేటప్పుడు మన ప్రాణమంతా దాని మొహం మీద ఉంటుంది. అది తల తిప్పేస్తుందేమో, లేచి వచ్చి కెమెరా నాకేస్తుందేమో అన్న తొందర. మిగతాదంతా కంటికి లేనట్టే. కెమెరాకు అలాంటి మమకారం లేదు. కుక్కకెంత మర్యాద ఇస్తుందో వెనకున్న బకెట్‌కీ అంతే ఇస్తుంది. ఇంటికెళ్లి చూసుకునేసరికి కన్ను ముందు బకెట్ మీదికే పోతుంది. బాగా వెలుగున్న చోటుకీ, ఎర్ర రంగుకీ, అక్షరాలకీ కన్ను తనంతట తానే పోతుంది. గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన ఉన్న ఫోటోలో కుక్కను చూడమంటే ఎవరి వల్లా కాదు, ముందు సిమెంటు పేరు చదివేశాకే కుక్క దగ్గరికొస్తారు. ఇంకో చిక్కు గీతలు. కరెంటు స్తంభం సరిగ్గా తల మీద మొలిచినట్టుంటుంది. పిట్టగోడ అంచు మెడకు అడ్డంగా కోసినట్టుంటుంది.

చాలావరకు ఇదంతా ఫోటో తీసేముందే పోగొట్టొచ్చు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నట్టున్నా చెప్తాను. మీరు నిలబడి కిందికి తీస్తే కుక్క వెనక నేల, నేల మీదున్న సామానంతా పడుతుంది. గొంతుక్కూర్చుని దాని కళ్ల ఎత్తులో ఫోన్ పెడితే సామాను సగం మాయమవుతుంది. గోడకు ఆనించి కూర్చోబెట్టకండి. నాలుగైదు అడుగులు ముందుకు లాగితే గోడ దానంతటదే కొంత మసకబారుతుంది. అలాగని వెనకాల దుప్పటి కట్టకండి. దుప్పటి ముడతలు బకెట్ కన్నా ఘోరం.

ఎలియట్ అర్విట్ అని ఒక అమెరికా ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 2023లో పోయాడు. జీవితమంతా కుక్కల ఫోటోలు తీశాడు. 1974లో న్యూయార్క్‌లో తీసిన ఒక ఫోటోలో ఆయన కెమెరాను దాదాపు నేలకు దించాడు. టోపీ పెట్టుకున్న బుల్లి చువావా కుక్క, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన ఇంకో భారీ కుక్క కాళ్లు. అంతే. మిగతా మనుషుల్నీ ఊరినీ పైకి వదిలేశాడు. చెరిపే పనే లేకుండా చేసుకున్నాడు.

జంతువు వెనకున్న దృశ్యాన్ని శుభ్రం చేయడమనేది ఫోన్లతో వచ్చిన సరదా కాదు. 1870ల్లో కాలిఫోర్నియాలో లీలాండ్ స్టాన్‌ఫోర్డ్ అనే ధనవంతుడికి ఒక సందేహం పట్టుకుంది. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు గిట్టలూ ఒకేసారి గాలిలో ఉంటాయా లేదా? అది తేల్చమని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్‌కు అప్పజెప్పాడు. 1877లో మైబ్రిడ్జ్ ఒక ఫోటో బయటపెట్టాడు. తీరా చూస్తే అది ఫోటో చూసి వేసిన బొమ్మకు తీసిన ఫోటో. గుర్రపు బండివాడి మొహం మాత్రం నిజం ఫోటో నుంచి కత్తిరించి అంటించారు. జనం నమ్మలేదు, నమ్మకపోవడం తప్పూ కాదు. మరుసటేడు, 1878 జూన్‌లో, మైబ్రిడ్జ్ పత్రికలవాళ్లనే మైదానానికి పిలిచాడు. 12 కెమెరాలు వరుసగా పెట్టాడు. గుర్రం వెళ్లే దారికి అవతల పొడుగునా తెల్లటి తెర కట్టి, దాని మీద కొలత గీతలు గీయించాడు. చెట్టూ కంచే ఏదీ అడ్డం లేదు. తెల్లదాని మీద నల్లగా నాలుగు కాళ్లు, నాలుగూ గాలిలో. టచింగ్ చేసినదాన్ని అనుమానించిన జనం ఈసారి నోరెత్తలేదు. నా వృత్తికి ఇదేమంత గౌరవంగా లేదు గానీ, జరిగింది మాత్రం ఇదే.

నేను ఈ పని నేర్చుకోవడానికి మా గురువుగారి దగ్గర చేరినప్పటికి స్టూడియోలో ఇంకా బొమ్మల పరదాలుండేవి. స్తంభాలు, మెట్లు, కొలను, కొలనులో హంసలు. ఎవరొచ్చినా ఆ హంసల ముందే. ఆయన టచింగ్ బల్ల కిటికీ పక్కన ఏటవాలుగా ఉండేది. మధ్యలో గరుకు గాజు, కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి పైకి కొడితే నెగెటివ్ వెలిగేది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్క చుక్కగా మచ్చలు సరిచేసేవారు. వెనక ఏమైనా తీసెయ్యాలంటే సన్నని కుంచెతో నెగెటివ్ మీద ఎర్ర రంగు పూసేవారు. రంగు పూసిన చోట వెలుతురు దిగదు, కాగితం మీద అక్కడ తెల్లగా వస్తుంది. ఒకసారి ఒక డాక్టరుగారి పొమరేనియన్‌కు ఆ పని చేశారు. తెల్ల కుక్క, వెనక తెల్లగా చేశారు. ప్రింటు తీస్తే రెండు కళ్లూ ఒక ముక్కూ మిగిలాయి! డాక్టరుగారు దాన్నే ఫ్రేము కట్టించుకున్నారు, అది వేరే సంగతి.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రాసిన ఫోటోషాప్‌ను అడోబీ 1990లో విడుదల చేసింది. మా చేతికొచ్చేసరికి చాలా ఏళ్లు పట్టిందనుకోండి. మొదట్నుంచీ ఉన్నది క్లోన్ స్టాంపు. ఒక చోటుదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి ఇంకో చోట అద్దుతుంది. 2002లో హీలింగ్ బ్రష్ వచ్చింది. ఇది కొంచెం తెలివైనది, ఎత్తిన ముక్కను చుట్టుపక్కల వెలుగునీడలతో కలిపేస్తుంది. 2010లో చుట్టూ గీత గీస్తే చాలు, లోపలేముండాలో తనే ఊహించి నింపడం ఫోటోషాప్ నేర్చుకుంది. 2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోన్లో మేజిక్ ఎరేజర్ పెట్టారు, ఆ తర్వాత తక్కిన ఫోన్లకూ పాకింది. డబ్బు పెట్టకుండా కావాలంటే స్నాప్‌సీడ్‌లో హీలింగ్ ఉంది, ఇంటి అవసరాలకు అది చాలు.

చాలు అన్నానని బకెట్ మీద వేలుపెట్టి ఒక్కసారిగా రుద్దేయకండి. చిన్న చిన్న ముక్కలుగా, బయటి అంచు నుంచి లోపలికి రావాలి. వస్తువు జంతువును తాకని చోట హీలింగ్ బాగా పనిచేస్తుంది. తాకిన చోట అదే శత్రువు. పక్కన నల్లటి చెవి ఉంటే ఆ నలుపును కూడా కలిపేసుకుని, కాటుక చెరిగినట్టు మరక పెడుతుంది. అక్కడ ఫోటోషాప్‌లోని పాత క్లోన్ స్టాంపే గతి. ఫోటోను బాగా పెద్దది చేసుకుని, అంచు వెంట నడవాలి. ఇంకో మాట. అన్నీ చెరపనక్కర్లేదు. చాలా వస్తువులకు కాస్త చీకటి చేసి, రంగు తగ్గిస్తే చాలు. ఎర్ర బకెట్ బూడిద బకెట్ అయిందంటే దాని వైపు ఎవరూ చూడరు. రోజులో నేను చేసే పనిలో సగం ఇదే.

వెనకదంతా తీసేసి కొత్తది పెట్టాలన్నప్పుడు అసలు కథ మొదలవుతుంది. మనిషి భుజం అంచు గీతలాగా ఉంటుంది. కుక్కకు అంచంటూ లేదు, బొచ్చుంది. కంప్యూటర్ మీద చివరి వెంట్రుక దగ్గరికి వెళ్లి చూస్తే, ఒకే చుక్కలో సగం వెంట్రుక, సగం గోడ కలిసి ఉంటాయి. గోడ పచ్చనిదైతే ఆ వెంట్రుకలన్నీ పచ్చదనం పూసుకునే వస్తాయి. అలా తెచ్చి సాయంత్రం ఆకాశం ముందు పెడితే కుక్క చుట్టూ సున్నం గీత గీసినట్టుంటుంది. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఇక్కడే తప్పుతుంది. పిల్లి మీసాలను గోడతో పాటు మసకేస్తుంది, చెవి కొసలు మింగేస్తుంది. మన ఇళ్లలో ఎర్ర గచ్చుల సంగతి మరీను. తెల్ల కుక్క గచ్చు మీద కూర్చుంటే పొట్టంతా ఎర్రఛాయ కొడుతుంది. దాన్ని అలాగే పచ్చగడ్డి మీదికి మార్చితే ఆ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసేవాళ్లకు అర్థం కాదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. కాళ్ల కింద నీడ మరిచిపోతే ఇక కుక్క గాలిలో తేలుతుంది.

గొలుసు తీసెయ్యమనేవాళ్లు ఎక్కువ. గొలుసు తీయడం పెద్ద పనేం కాదు. దాని గుర్తులు తీయడం పని. బెల్టుకున్న రింగు గొలుసు లాగిన వైపు పైకి లేచి ఉంటుంది. మెడ మీద బొచ్చు ఒకవైపు అణిగి ఉంటుంది. గొలుసు ఒక్కటే చెరిపేస్తే రింగు ఏదో దయ్యం పట్టి లాగుతున్నట్టు గాలిలో నిలబడుతుంది.

ఇప్పుడు నాకు జరిగిన పరాభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి ముందు పల్నాటి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బండలాగుడు పోటీలకు వెళ్లే ఒంగోలు గిత్తలున్నాయి ఆయనకు. అందులో ఒకటి ఆరుపళ్ల విభాగంలో గెలిచింది. దానికి ఫ్లెక్సీ వెయ్యాలి. పెంపుడు జంతువంటే కుక్కే అనుకునేవాళ్లు ఆయన ఆ ఫోటో చూపించేటప్పటి మొహం చూడాల్సింది. కొడుకు ర్యాంకు కార్డు చూపించినట్టు చూపించాడు. ఫోటోలో గిత్త వెనక ట్రాక్టర్ ట్రాలీ, నీళ్ల డ్రమ్ములు, గడ్డివామి మీద నీలం పట్టా, పగ్గం పట్టుకుని నిక్కరేసుకున్న పిల్లాడు.

"అయ్యన్నీ తీసెయ్ బాబూ. పగ్గం గూడా తీసెయ్. అదొక్కటే నిలబడాల రాజులాగా" అన్నాడు.

రాత్రంతా కూర్చున్నాను. ఆటోమేటిక్‌గా కత్తిరిస్తే కంప్యూటర్ గంగడోలును సగం కోసేసింది. ఆ మడతల నీడా, వెనక డ్రమ్ము నలుపూ దానికి ఒకటే అనిపించాయి. చేత్తో గీసి తిరిగి తెచ్చాను. వెలుగు సరిచేయమంటే గిత్తను మల్లెపూవులా తెల్లగా చేసి, మూపురం మీదా మెడ మీదా ఉండే బూడిదఛాయ తుడిచేసింది. ఒంగోలు గిత్తకు మగసిరి ఆ ఛాయలోనే ఉంది. అదీ వెనక్కి తెచ్చాను. జబ్బ మీదుగా పోయిన పగ్గాన్ని తీసి, పక్కనున్న వెంట్రుకలెత్తి అక్కడ నింపాను. తెల్లారేసరికి నా పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

పెద్దాయన వచ్చి తెర ముందు నిలబడ్డాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు పెట్టి చూపించాడు.

"ఈ సుడి ఎక్కడిదయ్యా?"

నాకు అర్థం కాలేదు. దగ్గరికెళ్లి చూస్తే మూపురం కింద వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. నేను ఎత్తి తెచ్చిన ముక్కలో దాని అసలు సుడి అంచు ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ రెండోది మొలిపించాను. నాకది బొచ్చు. ఆయనకది జాతకం. పశువును కొనేవాళ్లు పళ్లూ కాళ్లూ చూసినంత శ్రద్ధగా సుళ్లు చూస్తారు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మంచిది, ఫలానా చోట ఉంటే ఆ పశువు గడప తొక్కకూడదు. నమ్మకం నిజమా కాదా అన్నది నా పని కాదు. బేరంలో దాని విలువ నిజం.

"ఈడ సుడి ఉన్న దాన్ని ఎవుడన్నా కొంటాడా? రేపు నేను లేదని చెప్తే, ఫ్లెక్సీలో ఉందిగా అంటారు" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో, జాలి ఉంది.

కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అసలు ఫోటో మళ్లీ తెరిచాను. ఆయన అరచేత్తో తెరను నిమురుతూ చెప్పాడు. ఇక్కడ వెంట్రుక కిందికి జారుతుంది, ఇక్కడ వెనక్కి వాలుతుంది, ఈ డొక్క దగ్గర రెండూ కలుస్తాయి. నేను ఆ దారినే చిన్న చిన్న గీతలుగా నింపుకుంటూ పోయాను. తెరంతా వేలిముద్రలు. ఇప్పటికీ ఏ జంతువు మీద పని చేయాలన్నా ముందు వేరే లేయర్ మీద వెంట్రుకలు పోయే దారి బాణాలు గీసుకుంటాను. అంతా అయ్యాక ఆయన కొంచెం వెనక్కి జరిగి చూశాడు.

"ముకుతాడు గూడా తీశావా?"

"మీరే కదండీ పగ్గం తీయమన్నారు."

"పగ్గం తియ్యమన్నా. ముకుతాడు ఉండాల. అది లేకుంటే అచ్చోసిన ఆంబోతనుకుంటారు."

పెట్టాను. చెరిపేముందు వస్తువు ఎవరిదని అడగడం అప్పట్నుంచి నాకు అలవాటైంది. బకెట్ ఎవరిదీ కాదు, తీసెయ్యొచ్చు. ముకుతాడు గిత్తది. పిల్లి ఎప్పుడూ ఎక్కి పడుకునే కుట్టుమిషను పిల్లిది. అది తీసేస్తే గాలిలో పడుకున్న పిల్లి మిగులుతుంది. ఒకసారి మేజిక్ ఎరేజర్ లాంటిదానితో పిల్లి వెనక స్టూలు చెరిపితే, తోకను కూడా స్టూలు కాలనుకుని తీసేసింది. ఆ పిల్లి యజమాని మూడు రోజుల తర్వాత గానీ గమనించలేదు.

ఒకాయన చిలక ఫోటో తెచ్చాడు. పంజరం చెరిపెయ్యమన్నాడు, స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగుంటుందట. మన రామచిలకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టే ఉంది, అందుకే చెరపమంటున్నాడేమో. ఊచలు తీయడం చాలా కష్టమండీ అన్నాను. ప్రతి ఊచ వెనకా రెక్క ఎలా ఉందో నేను కల్పించాలి. ఎంతవుతుందన్నాడు. తలుపు తీస్తే ఏమీ అవదని నోటిదాకా వచ్చింది. పని ఎక్కువగా ఉందని చెప్పి పంపేశాను.

తప్పిపోయిన కుక్క పోస్టరు వేయించేవాళ్లకు ఒక్క మాట. దయచేసి అందంగా చేయించకండి. మెడ బెల్టు తీయించకండి. చెవి చిరిగి ఉంటే చిరిగినట్టే ఉండాలి. దాన్ని వెతికేవాడు గుర్తుపట్టేది వాటితోనే. దత్తతకిచ్చే కుక్కపిల్లల ఫోటోలకూ అంతే. వెనక చెత్తకుప్ప తీయండి, తప్పులేదు. కుంటికాలును మాత్రం తీయకండి, ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఎలాగూ చూస్తారు.

పోయిన నెల ఒకావిడ లాబ్రడార్ ఫోటో తెచ్చింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న కుక్క. వెనక మంచుకొండలు పెట్టమంది. నీడ దిద్ది, గచ్చు ఎరుపు కడిగి, కొండలు పెట్టాను. బాగానే కుదిరింది. చివర్లో అలవాటుగా కళ్ల దగ్గరికెళ్లి పెద్దది చేసి చూశాను. జంతువు కళ్లు చిన్న అద్దాలు, ఫోటో తీసినప్పుడు ఎదురుగా ఉన్నదంతా వాటిలో ఉంటుంది. ఈ కుక్క కంట్లో కిటికీ ఉంది, కిటికీ ముందు గొంతుక్కూర్చున్న మనిషి ఉంది, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బిస్కట్టు. ఆవిడను పిలిచి చూపించాను, ముచ్చటపడుతుందనుకుని.

కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. "అయ్యో, నైటీలో ఉన్నానండీ. తీసెయ్యండి."

"ఇంత చిన్నగా ఎవరికీ కనబడదమ్మా."

"నాకు తెలుసు కదా."

కంట్లో మెరుపు పూర్తిగా తీసేస్తే కుక్క కన్ను గాజుగోలీ అయిపోతుంది. కిటికీ వెలుగు ఉంచి, మనిషిని మాత్రం చుక్క చుక్కగా కరిగించాను. బిస్కట్టు వదిలేశాను, అది కుక్కదే. అరగంట పట్టింది. అచ్చేసిన ఫోటోలో ఆ చోటు ఆవగింజంత లేదు. దానికి డబ్బులెలా అడగాలో తెలియక ప్రింటు డబ్బులు తీసుకుని పంపించాను.